లుక్రెజియా వెనక్కి ఎందుకు వెళ్ళింది?

సెప్టెంబరు 6, ఫ్లారెన్స్

ఆర్నో నది దాటి దక్షిణం ఒడ్డుకు వచ్చేసరికి టూరిస్టుల గోల బాగా తగ్గింది. సాంతా మరియా దెల్ కార్మినే చర్చి ఇక్కడే ఉంది. ముందు గోడకు పాలరాయి తాపడం లేదు, గరుకు రాళ్ళు అలాగే బయటికి కనబడుతుంటాయి. "ఇంత దూరం వచ్చి మొదట చూసేది ఇదా?" అంది అక్క. తను మ్యూనిక్ నుంచి రైల్లో వచ్చింది, నేను హైదరాబాద్ నుంచి. పెద్ద గుమ్మటం చర్చితో మొదలుపెడదామన్నది తన ప్లాను. నేనే పట్టుబట్టి ఇక్కడికి లాక్కొచ్చాను.

లుక్రెజియా బూటి అనే నన్ గురించి ఒక చారిత్రక నవల రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆమె కథ రాయాలంటే ముందు ఆమెను మఠం నుంచి తీసుకుపోయినవాడి కథ తెలియాలి. అది ఈ చర్చిలోనే మొదలైంది.

1406 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో ఒక మాంసం వ్యాపారికి పుట్టిన ఆ మనిషి, తర్వాత పేరుపడ్డ చిత్రకారుడు ఫిలిప్పో లిప్పి, చిన్నప్పుడే తల్లిదండ్రులు పోవడంతో ఈ కార్మెలైట్ సన్యాసుల మఠం పంచన చేరాడు. 1421లో సన్యాస ప్రమాణం చేశాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళుంటాయేమో. ఆ వయసులో వైరాగ్యం వచ్చి కాదు, తిండీ నీడా దొరికిన చోటు అదే కాబట్టి చేశాడని నేను అనుకుంటాను. అప్పట్లో ఇటలీలో ఎంతోమందికి సన్యాసం అలాగే వచ్చింది. మగపిల్లలకి దిక్కులేక, ఆడపిల్లలకి కట్నం లేక.

అతను మఠంలో ఉండగానే, 1420ల మధ్యలో, మసోలినో, మసాచో అనే ఇద్దరు చిత్రకారులు వచ్చి ఇక్కడి బ్రంకాచ్చి చాపెల్ (చర్చిలోపలి చిన్న ప్రార్థనగది) గోడల మీద ఫ్రెస్కోలు వేయడం మొదలుపెట్టారు. తడి సున్నం ఆరేలోగా రంగు వేసేయాలి కాబట్టి ఏ రోజు సున్నం ఆ రోజే పూస్తారు. పని కళ్ళముందే పెరుగుతుంది. మఠంలో కుర్రాడికి అంతకంటే మంచి బడి ఏముంటుంది? మసాచో 1428లో రోమ్‌లో చనిపోయాడు, ముప్పై ఏళ్ళు కూడా నిండకుండానే. చాపెల్ సగంలో ఆగిపోయింది.

లోపల ఇచ్చే సమయం తక్కువ. అందుకని నేరుగా ఆదాము, అవ్వ దగ్గరికి వెళ్ళాం. ఏదెను తోట నుంచి గెంటేస్తుంటే ఆదాము రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అవ్వ నోరు తెరిచి ఏడుస్తోంది. పదిహేడో శతాబ్దంలో ఎవరికో సిగ్గేసి ఇద్దరికీ ఆకులు వేయించారు. 1980లలో శుభ్రం చేసినప్పుడు ఆ ఆకులు తీసేశారు. అక్క చాలాసేపు అవ్వనే చూసింది. "ఈవిడ ఏడుపులో పశ్చాత్తాపం లేదే, భయం ఉంది" అంది. నేను నోట్‌బుక్ తీసి రాసుకున్నాను.

నేను అసలు చూడాలనుకున్నది కింది వరస. మసాచో వదిలేసిన పనిని 1480లలో పూర్తిచేసినవాడి పేరు ఫిలిప్పినో. ఇక్కడ పెరిగిన ఆ సన్యాసికీ, లుక్రెజియాకీ పుట్టిన కొడుకు. సన్యాస ప్రమాణాలు చేసిన ఇద్దరికి పుట్టినవాణ్ణి, తండ్రి ప్రమాణం చేసిన చర్చివాళ్ళే గోడలు అప్పగించి బొమ్మలు వేయమన్నారు. కుడివైపు చివర గుంపులోంచి మనవైపు చూసే కుర్రవాడు ఫిలిప్పినోయే అంటారు. 1771లో చర్చి తగలబడినప్పుడు లోపల చాలాభాగం పోయినా ఈ చాపెల్ మిగిలింది.

సెప్టెంబరు 7, ఫ్లారెన్స్

ఉఫీజీ మ్యూజియంలో జనం ప్రసిద్ధ చిత్రకారుడు బోటిచెల్లి గది దగ్గర కిక్కిరిసి ఉన్నారు. బోటిచెల్లికి గురువు ఫిలిప్పో లిప్పియే. గురువు బొమ్మ ముందు పట్టుమని పదిమంది లేరు, మాకు మంచిదే అయింది.

చెక్క పలక మీద వేసిన బొమ్మ అది. మేరీమాత కిటికీ ముందు కూర్చుని చేతులు జోడించింది. ఇద్దరు దేవదూతలు బాలయేసును ఆమెకు ఎత్తి చూపిస్తున్నారు. ముందున్న దేవదూత దేవుణ్ణి మోస్తూ కూడా మనవైపు తిరిగి అల్లరిగా నవ్వుతున్నాడు. మేరీ తలమీద పల్చటి ముసుగు, ముత్యాలు, ఆ కాలపు ఫ్లారెన్స్ గొప్పింటి ఆడవాళ్ళ కేశాలంకరణ. ఈమే లుక్రెజియా అని, ఆ నవ్వే పిల్లవాడు ఫిలిప్పినో అని గైడ్లందరూ చెబుతారు. రుజువు లేదు. నమ్మాలని మాత్రం అనిపిస్తుంది, అదీ చిక్కు.

ఈ కథను లోకానికి చెప్పింది జార్జో వసారి. చిత్రకారుల జీవితాలు రాసి 1550లో అచ్చువేశాడు, 1568లో పెంచి మళ్ళీ వేశాడు. లిప్పి పోయింది 1469లో. అంటే వసారి విన్నవన్నీ ముత్తాతల నాటి ముచ్చట్లు. ఆయన ప్రకారం ఫిలిప్పోకి ఆడవాళ్ళ పిచ్చి. పని సాగడం లేదని, అప్పట్లో ఫ్లారెన్స్‌ని నడిపించిన బ్యాంకరు కోసిమో ద మెదిచి అతన్ని ఇంట్లో పెట్టి తాళం వేస్తే దుప్పట్లు చించి తాడు పేనుకుని కిటికీలోంచి దిగిపోయాడు. తర్వాత ప్రాతో ఊళ్ళో సాంతా మార్గెరీతా మఠంవాళ్ళకి బొమ్మ వేస్తూ, లుక్రెజియా అనే అందమైన పిల్లను మేరీ బొమ్మకోసం కూర్చోబెట్టమని నన్‌లను అడిగాడు. మేరీమాత నడికట్టును జనానికి చూపించే పండగనాడు ఆమె మఠం బయటికి రాగా తీసుకుపోయాడు. తండ్రి ఫ్రాంచెస్కో ఆ తర్వాత ఎన్నడూ నవ్వలేదు. కూతురు భయంచేతనో మరెందుకో తిరిగి వెళ్ళనే లేదు.

చదవడానికి ఎంత బాగుందో! కానీ దొరికిన కాగితాల ప్రకారం పట్టు వ్యాపారి ఫ్రాంచెస్కో బూటి అప్పటికే చనిపోయాడు. నవ్వడం మానేసిన తండ్రి వసారి కల్పన. తిరిగి వెళ్ళనే లేదన్న మాట కూడా నిజం కాదు, అది ప్రాతోలో చెబుతాను.

సాయంత్రం వియా కవూర్‌లో మెదిచీల ఇంటి ముందునుంచి నడిచాం. అక్క కిటికీలు చూసి "ఇంత ఎత్తునుంచి దుప్పటితో దిగాడా!" అంది. వాటి కింద నిలబడితే నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఈ ఊరికీ మనకూ ఒక చిన్న చుట్టరికం ఉంది. విజయనగరం చూసివచ్చిన వెనిస్ వర్తకుడు నికోలో ద కాంతి, తూర్పుదేశాల్లో తన మతం వదులుకున్నందుకు పాపపరిహారం కోరుతూ నాలుగో యూజీన్ పోప్ దగ్గరికి వచ్చాడు. నీ ప్రయాణమంతా నా కార్యదర్శి పొజ్జో బ్రచొలినికి ఉన్నదున్నట్టు చెప్పు, అదే నీకు శిక్ష అన్నాడట పోప్. అప్పటికి పోప్ మకాం ఈ ఊళ్ళోనే. ఆ రోజుల్లోనే ఫిలిప్పో ఇక్కడ సాంత్ అంబ్రోజో చర్చికి పెద్ద బొమ్మ వేస్తున్నాడు. అదీ ఉఫీజీలోనే ఉంది.

సెప్టెంబరు 8, ప్రాతో

ఈ తేదీ కోసమే ప్రయాణం ఇలా పెట్టుకున్నాం. ఫ్లారెన్స్ నుంచి లోకల్ రైలెక్కి పోర్తా అల్ సెర్రాలియో స్టేషన్లో దిగితే కతీద్రల్ నడిచేంత దూరం. తెల్లరాయి, ముదురాకుపచ్చ రాయి పట్టీలు పట్టీలుగా పేర్చిన గోడ. ఆ మూలన, వీధి మీదికి పొడుచుకొచ్చినట్టు గుండ్రటి వేదిక, పైన గొడుగులాంటి కప్పు. దొనతెల్లో, మికెలోజో అనే శిల్పులు కలిసి 1428–38 మధ్య చేశారు. చర్చి వేదిక లోపల కదా ఉండాలి, బయటెందుకు? నడికట్టును చౌకులో నిండిన జనానికి చూపించడానికి.

నడికట్టు కథ ఇది. మేరీమాత పరలోకానికి వెళుతూ, నమ్మని తోమాకు నిదర్శనంగా తన నడికట్టు జారవిడిచింది. ప్రాతోవాడైన మికేలె దగొమారి 1141లో దాన్ని జెరూసలేం నుంచి తెచ్చాడు. పోతుందేమోనని పెట్టెలో పెట్టి దానిమీదే పడుకునేవాడు. పవిత్రవస్తువు మీద పడుకుంటావా అని దేవదూతలు రాత్రిపూట అతన్ని ఎత్తి నేలమీద పెట్టేవారు. కతీద్రల్ లోపల ఎడమవైపు చాపెల్లో అన్యొలో గద్ది ఈ కథంతా 1390లలో గోడలమీద వేశాడు. నేలమీద నిద్రపోతున్న మికేలెను చూసి అక్క గట్టిగా నవ్వింది, పక్కనున్న ముసలావిడ కూడా నవ్వింది.

నడికట్టు సన్నటి ఆకుపచ్చ ఉన్నిపట్టీ, బంగారు జరీతో, 87 సెంటీమీటర్ల పొడవు. ఏడాదికి ఐదుసార్లే బయటికి తీస్తారు: ఈస్టర్, మే 1, ఆగస్టు 15, సెప్టెంబరు 8, క్రిస్మస్. ఇవాళ్టిది అన్నిటికంటే పెద్దది. సాయంత్రం బాకాలు, డప్పులు, పాతకాలపు దుస్తుల్లో ఊరేగింపు, పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్న నాన్నలు, ఐస్‌క్రీమ్ కారుతున్న చేతులు. అచ్చం మన తిరునాళ్ళే. చీకటి పడ్డాక బిషప్ వేదిక మీదికి వచ్చి గాజుపేటికను మూడువైపులా చూపించాడు. అంత గోలా ఒక్కసారి ఆగిపోయింది.

నేను నడికట్టును కాదు, జనాన్ని చూస్తున్నాను. 1456లో ఇలాంటి గుంపులోనే ఆమె వెళ్ళిపోయిందంటే నమ్మొచ్చు. నాలుగు అడుగులు పక్కకు వేస్తే చాలు, ఎవరికీ కనబడరు. నా నవల మొదటి అధ్యాయం ఇదే అని ఎప్పుడో అనుకున్నాను. అక్క మాత్రం తిరుగుదారిలో ఒక ప్రశ్న వేసింది.

"అతనికి అప్పటికి ఎంత వయసే?"

"యాభై."

"ఈమెకి?"

"ఇరవై, ఇరవైఒకటి."

"అతను ఆ మఠానికి ఎవరు?"

"అదే ఏడు చాప్లెయిన్‌గా వేశారు. వాళ్ళ పాపాలు వినేవాడు, పూజ చేసేవాడు."

"అయితే ప్రేమకథ అని పైన రాసేముందు కాస్త ఆలోచించు" అంది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 9, ప్రాతో

పొద్దున్నే కతీద్రల్ గర్భాలయం. టికెట్ తీసుకుంటే ఫ్రెస్కోల దగ్గరిదాకా వెళ్ళనిస్తారు. ఈ పని మొదట ఫ్రా ఆంజెలికోకి ఇవ్వజూపారు. ఆయన రానన్నాడు. ఆయనా సన్యాసే, ఆయనా చిత్రకారుడే. 1982లో పోప్ ఆయన్ని ధన్యుడిగా, అంటే సెయింట్ హోదాకు ముందు మెట్టు మీద, ప్రకటించాడు కూడా. ఆయన వద్దన్న గోడ ఫిలిప్పోకి దక్కింది. 1452లో మొదలుపెట్టి 1465 దాకా సాగదీశాడు. మధ్యలో అప్పులు, గొడవలు. అంతకుముందే, 1450లో, తన సహాయకుడికి జీతం ఇచ్చినట్టు దొంగ రసీదు పుట్టించాడని కేసు పడితే, చిత్రహింస పెట్టాక ఒప్పుకున్నాడు. ఇలాంటివాణ్ణి కొన్నేళ్ళకే నన్‌ల మఠానికి చాప్లెయిన్‌గా వేశారంటే, వేసినవాళ్ళకి అతని బొమ్మలు ఎంత కావాలో అర్థమవుతుంది.

కానీ ఆ గోడముందు నిలబడితే వాళ్ళమీద కోపం నిలవదు. హేరోదు రాజు విందులో, నాట్యానికి బహుమతిగా బాప్తిస్మమిచ్చే యోహాను తల అడిగిన సలోమే తెల్లటి దుస్తుల్లో ఒంటికాలిమీద తిరుగుతోంది, వస్త్రం గాలికి లేస్తోంది. అదే గోడమీద ఎడమపక్క ఆమే పళ్ళెంలో యోహాను తల అందుకుంటోంది, కుడిపక్క తల్లికి అప్పగిస్తోంది. మూడుచోట్లా మొహంలో ఏ భావమూ లేదు. సలోమే కూడా లుక్రెజియాయే అంటారు! మేరీ ఆమే, సలోమే ఆమే, సెయింట్ మార్గరెట్ ఆమే. ఊళ్ళో అందమైన మొహం ఇంకొకటి లేనట్టు.

ఎదురుగోడమీద సెయింట్ స్తెఫను అంత్యక్రియలు. చుట్టూ నిలబడ్డ పెద్దమనుషుల్లో ఒకడు కార్లో ద మెదిచి, అప్పటి ప్రాతో చర్చి అధికారి. కోసిమోకి ఒక సిర్కాసియన్ బానిసస్త్రీ వల్ల పుట్టినవాడు. అందుకే ఫిలిప్పో తప్పుకి ఊరు ఊరంతా నెత్తీనోరూ కొట్టుకుందని రాస్తే అబద్ధమవుతుంది. పెద్దలందరికీ ఇలాంటివి మామూలే. శిక్ష పడే అవకాశం ఎక్కువగా ఆడవాళ్ళకే.

తర్వాత పలాజో ప్రెతోరియో మ్యూజియం. సాంతా మార్గెరీతా మఠం కోసమే వేసిన బొమ్మ ఇక్కడుంది. పైన మేరీ తోమాకు నడికట్టు అందిస్తోంది. పక్కన మోకాళ్ళమీద మఠాధిపతి బర్తొలొమ్మేయా, ఆమె తలమీద చెయ్యి వేసి పరిచయం చేస్తున్నట్టు సెయింట్ మార్గరెట్. లుక్రెజియా అని చెప్పేవాటిలో నేను కాస్తయినా నమ్మేది ఈ మొహాన్నే. ఆ చెయ్యి ఆ తలమీద పెట్టిన నన్, తర్వాత ఆ మఠాన్నే వదిలి వెళ్ళిందంటే బర్తొలొమ్మేయాకి ఈ బొమ్మ రోజూ చూడటం ఎలా ఉండేదో.

ఇక కాగితాల సంగతి. తండ్రి పోయాక లుక్రెజియాను, తోబుట్టువు స్పినెట్టాను అన్న ఆంతోనియో మఠంలో చేర్చాడు. ఫ్లారెన్స్‌లో కట్నాల బాధ ఎంతగా ఉండేదంటే, ఆడపిల్ల పుట్టగానే డబ్బు వేసుకోవడానికి 1425లో ప్రభుత్వమే ఒక నిధి పెట్టింది. మఠానికి కూడా డబ్బు కట్టాలిగానీ పెళ్ళికంటే చాలా తక్కువ. 1456లో లుక్రెజియా వెళ్ళిపోయింది. స్పినెట్టా, మరికొందరు నన్‌లూ బయటికి వచ్చి ఫిలిప్పో ఇంటికే చేరారు. 1457 ప్రాంతంలో ఫిలిప్పినో పుట్టాడు. 1459 డిసెంబరులో లుక్రెజియా, స్పినెట్టా, మిగతావాళ్ళు మఠానికి తిరిగివచ్చి, పిస్తోయా బిషప్ ఎదుట మళ్ళీ సన్యాస ప్రమాణాలు చేశారు. అప్పటికి పిల్లాడికి రెండేళ్ళు.

ఏడాదిన్నర తిరగకుండానే ఆమె మళ్ళీ ఫిలిప్పో ఇంట్లో ఉంది. 1461 మే నెలలో ఫ్లారెన్స్‌లో రహస్య ఫిర్యాదుల పెట్టెలో ఎవరో పేరులేని చీటీ వేశారు. అందులో ఫిలిప్పోకి కొడుకున్నాడని, పేరు ఫిలిప్పినో అని, తల్లి స్పినెట్టా అని ఉంది! లుక్రెజియా కాదు. అదే ఏడు కోసిమో మాటసాయంతో రెండవ పయస్ పోప్ ఇద్దరినీ ప్రమాణాలనుంచి విడిపించాడు. ఆ పోప్ మతాధికారి కాకముందు ప్రేమకథ రాసి పేరు తెచ్చుకున్నవాడే, పెళ్ళికాకుండా పిల్లల్ని కన్నవాడే. అర్థం చేసుకుని ఉంటాడు.

మ్యూజియం మెట్లమీద కూర్చుని అక్కకి ఇదంతా చెప్పాను. చేతిలో ప్రాతో బాదం బిస్కట్ల పొట్లం. వైన్‌లో ముంచుకు తినాలట, మేము కాఫీలో ముంచాం.

"రెండేళ్ళ పిల్లాణ్ణి వదిలి ఎందుకు వెళ్ళింది?" అంది.

"బెదిరించారేమో. భయమేమో. నిజంగానే పాపమనుకుందేమో."

"లేదా అతనితో విసిగిపోయి ఉంటుంది. దొంగ రసీదులవాడు కదా" అని కాసేపు ఆగింది. "మరి స్పినెట్టా? దాన్నెవరూ ప్రేమించలేదుగా. అదెందుకు బయటికొచ్చింది, అదెందుకు లోపలికెళ్ళింది?"

నా దగ్గర జవాబు లేదు. నోట్‌బుక్‌లో మొదటి అధ్యాయం అని రాసుకున్న పేజీ అడ్డంగా కొట్టేశాను. పండగలో పారిపోవడం వసారి ఎప్పుడో రాసేశాడు. ఎవరూ రాయనిది 1459 డిసెంబరు. బిషప్ ముందు ఒక తల్లి మళ్ళీ సన్యాసం తీసుకోవడం.

వెళ్ళేముందు ఇంకో గదిలో ఫిలిప్పినో వేసిన ఫ్రెస్కో చూశాం. 1498లో మెర్కతాలె చౌకులో ఒక ఇంటి గోడమీది గూటికి వేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులుపడి ఆ ఇల్లు కూలింది, బొమ్మను ఏరి అతికించారు. మేరీకి చెరోపక్కా నిలబెట్టిన సెయింట్లలో స్తెఫను ఉన్నాడు, నాన్న ఏళ్ళతరబడి వేసిన కథానాయకుడు. మార్గరెట్ ఉంది, అమ్మ వదిలొచ్చిన మఠం పేరు.

సెప్టెంబరు 10, రైల్లో

ఫ్లారెన్స్ నుంచి ఫొలీన్యో, అక్కడ మారి స్పొలేతో. దారిలో త్రసిమేనో సరస్సు, పెరూజా, దూరంగా కొండమీద అస్సీసీ. ఒక రైలు ఆలస్యమై రెండోది తప్పింది. అక్క ఫొలీన్యో ప్లాట్‌ఫారమ్ మీద ఆఫీసు మీటింగ్ చేసుకుంది. నేను నిద్రపోయాను.

సెప్టెంబరు 11, స్పొలేతో

కొండ ఊరు. ఎస్కలేటర్లు పెట్టారు కాబట్టి మోకాళ్ళు బతికాయి. వీధి చివర వెడల్పాటి మెట్లు కిందికి దిగుతుంటే అడుగున కతీద్రల్ కనబడుతుంది. కిందికి దిగి వెళ్ళే పెద్ద చర్చిని నేనింతకుముందు చూడలేదు.

ఫిలిప్పో 1467లో ఇక్కడికి వచ్చాడు. గర్భాలయం వంపులో మేరీ కిరీటధారణ, కింద ఆమె జీవితం. రంగులు ఆకాశమంత. మేరీ మరణశయ్య దగ్గర తెల్ల అంగీ, నల్ల టోపీ పెట్టుకుని నిలబడ్డ లావుపాటి మనిషి ఫిలిప్పోయే. ముందు నిలబడ్డ దేవదూత కొడుకు ఫిలిప్పినో అంటారు. పని పూర్తికాకుండానే 1469 అక్టోబరులో ఫిలిప్పో చనిపోయాడు. లుక్రెజియా బంధువులు విషం పెట్టారని వసారి ఒక పుకారు జోడించాడు, పదమూడేళ్ళ తర్వాత ఎవరికంత ఓపికుంటుందో చెప్పలేదు. మిగతా పని సహాయకుడు ఫ్రా దియమాంతే ముగించాడు. పన్నెండేళ్ళ పిల్లాణ్ణి అతనికే అప్పగించి పోయాడని, రావలసిన డబ్బుతో దియమాంతే తనకే పొలాలు కొనుక్కున్నాడని కూడా వసారి రాశాడు. పిల్లవాడు 1472 నాటికి బోటిచెల్లి దగ్గర పనికి కుదిరాడు.

సమాధి కుడివైపు. కోసిమో మనవడు లొరెంజో ద మెదిచి, ఫిలిప్పో శవాన్ని ఫ్లారెన్స్‌కి పంపమని అడిగితే, మా ఊళ్ళో గొప్పవాళ్ళే తక్కువ, ఈయన్నయినా ఉండనివ్వండి అన్నారట స్పొలేతోవాళ్ళు. లొరెంజో ఇక్కడే పాలరాతి సమాధి కట్టించాడు. నమూనా గీసింది ఫిలిప్పినో. లాటిన్ పద్యం రాసింది కవి పొలిత్సియానో. తన వేళ్ళు రంగులకు ప్రాణం పోశాయని అందులో ఫిలిప్పో చెప్పుకుంటాడు. లొరెంజో పేరుంది. లుక్రెజియా పేరు లేదు. తర్వాతెప్పుడో మరమ్మతుల్లో ఎముకలు కూడా పోయాయి, ఇప్పుడున్నది ఖాళీ సమాధి.

ఆమె పేరున్న కాగితం ఒకటి చెప్పాలి. 1488లో రోమ్‌లో పెద్ద పని దొరికి బయల్దేరేముందు ఫిలిప్పినో వీలునామా రాశాడు. అందులో తల్లి లుక్రెజియా బతికున్నంతకాలం ఆమె పోషణ జరిగేలా ఏర్పాటు చేశాడు. పెట్టెలో చీటీ వేసినవాడు ఏమన్నా, కొడుకు మాత్రం తల్లిపేరు స్పష్టంగా రాయించాడు. అంటే ఫిలిప్పో పోయి పంతొమ్మిదేళ్ళయినా ఆమె ఉంది. అందరూ చెప్పుకునే ఆ ప్రేమ పదమూడేళ్ళ ముచ్చట. దాని తర్వాత బతికిన బతుకే ఎక్కువ.

మధ్యాహ్నం చేత్తో చేసిన లావుపాటి నూడుల్స్ తింటూ అక్కతో అన్నాను, నవల స్పినెట్టా నోటితో చెప్పిస్తానని. ఆమె రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లు చూసింది, పిల్లాణ్ణి ఎత్తుకుంది, చివరికి నింద కూడా ఆమెకే వచ్చింది.

"మరి ఎందుకు వెళ్ళిందని రాస్తావు?" అంది అక్క.

"నువ్వు మ్యూనిక్ నుంచి ఎందుకొచ్చావు?"

"నువ్వొక్కదానివే తిరిగితే అమ్మ నన్ను తిడుతుందని" అని, బిల్లు నావైపు జరిపింది.